పప్పుచారు గొడవ: సందర్శన వేళలు

ప్రతి ఊరికీ ఒక వింత ఉండి తీరాలని వింతల వికాస సంస్థ ఉత్తర్వు జారీ చేసేనాటికి నందిరేవులో ఒక్క వింతా లేదు. ఊరు ఉంది, ఊరి పక్కన కృష్ణ ఉంది, కృష్ణకు రేవు ఉంది, రేవులో బట్టలుతికే బండలున్నాయి. అన్నీ ఎక్కడ ఉండవలసినవి అక్కడే ఉన్నాయి. అదే చిక్కు. వింత లేని ఊళ్ళో ఎక్స్‌ప్రెస్ బస్సు ఆపరాదని ఉత్తర్వులోని చివరి వాక్యం. చూడవలసినదేమీ లేని చోట ఎవరికీ దిగవలసిన పని ఉండదనీ, దిగవలసిన పని లేని చోట బస్సుకు ఆగవలసిన పని ఉండదనీ అందులో ఎంతో సహేతుకంగా వివరించారు.

వింతను గుర్తించడానికి సంస్థ తరఫున విశేషాధికారి గజేంద్రనాథ్ గారు వచ్చారు. ఊరి పెద్దలు ఆయన్ను ఉదయం నుంచీ తిప్పారు. మిట్టమధ్యాహ్నం కూసే కోడిపుంజును చూపించారు.

"ఇది వింత కాదు, ఆలస్యం. మా కార్యాలయంలోనే కావలసినంత ఉంది" అన్నారాయన.

ఒక్క విడతలో బుట్టెడు ఇడ్లీలు తినే మనిషిని చూపించారు.

"ఇది ఆకలి. వేరే శాఖ చూసుకుంటుంది" అన్నారు.

సాయంత్రానికి ఆయన నందిరేవు పేరు కొట్టివేయడానికి మనసులో సిద్ధపడి, వచ్చిన దారినే వెళ్ళిపోవడానికి బస్టాండులో ఆ చివరి ప్లాట్‌ఫారం మీద నిలబడ్డారు. ఆ ప్లాట్‌ఫారానికి ఆనుకుని ఒక గోడ. గోడ పక్కన జాన్‌బీ బజ్జీల బండి. గోడకు అవతల పున్నారావు ఇల్లు. ఆ ఇంటి వంటగది కిటికీ ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

పున్నారావు ఆ బస్టాండులోనే విచారణ కౌంటరులో కూర్చునే ఉద్యోగి. పల్నాటి మనిషి. పుట్టుకతో గట్టి గొంతు, ఉద్యోగంతో మెత్తని మాట. పొద్దున్న మొదలుకొని పొద్దుగూకేదాకా ఎవరేమడిగినా "అలాగేనండి", ఎవరేమన్నా "సంతోషమండి" అనడమే అతని పని. బస్సు తప్పిపోయినవాడు వచ్చి తిట్టినా సంతోషమే, బస్సు రానివాడు వచ్చి తిట్టినా సంతోషమే. అతని భార్య సత్యవేణిది కోనసీమ. ఆమె ఊరి గ్రంథాలయంలో ఉద్యోగి. ఆమె తల మీద గోడకు 'నిశ్శబ్దం' అనే బోర్డు వేలాడుతూ ఉంటుంది. దాని కింద రోజంతా ఆమె సైగలతో బతుకుతుంది. ఇలా ఒకరు మెత్తగా, ఒకరు మౌనంగా పగలంతా పోగుచేసుకున్న గొంతును సాయంత్రం ఇంటికి తెచ్చుకుని, కంచాల ముందు కూర్చుని, పప్పుచారు మీద కుమ్మరించేవారు.

ఆ సాయంత్రమూ కుమ్మరించారు.

"ఏమే, ఇది పప్పుచారా, పానకమా?"

"పానకంలో ములక్కాడ వేస్తారేంటండీ?"

"మీ కోనసీమోళ్ళు దేంట్లో ఏం ఏస్తారో ఎవరికెరుక! బెల్లం కనబడితే మీకు చెయ్యాగదు."

"మీ పల్నాట్లో ఏవుందండీ, కారం, దాని మీద కారం. చంటిపిల్లలకి పాలల్లో కూడా కారం కలిపి పడతారంట కదా!"

"కలిపి పట్టారు గాబట్టే ఇయ్యాళ నీ పప్పుచారు తట్టుకుని బతికున్నా."

"బతికున్నారు కదా, మరి ఆ ఆనపకాయ ముక్కలు ఏరి పక్కన పెట్టారెందుకండీ?"

"ఆనపకాయ కాదు, సొరకాయ."

"మా ఊళ్ళో ఆనపకాయేనండీ."

"నువ్విప్పుడు ఉండేది మీ ఊళ్ళోనా?"

"ఏ ఊళ్ళో ఉంటే ఏవండీ, వండేది నేను కదా!"

ప్లాట్‌ఫారం మీద ఎవరో చప్పట్లు కొట్టారు. బస్సు వచ్చింది. కండక్టరు ఈల నోట్లో పెట్టుకుని, ఊదకుండా, చెవి కిటికీ వైపు వేసి నిలబడ్డాడు. గజేంద్రనాథ్ గారు కాలు ఫుట్‌బోర్డు మీద పెట్టబోయారు.

"అప్పుడే యాడికి సార్?" అంది జాన్‌బీ, బజ్జీ తిరగేస్తూ. "ఇంకా తాలింపు కాడికి రాలేదు. ఆవిడ దాన్ని పోపంటది, ఆయన తాలింపంటాడు. అసలు మజా అక్కడుంది."

ఆయన కాలు కిందికి దించారు. బస్సు వెళ్ళిపోయింది. తాలింపు అయింది, పోపు అయింది, మజ్జిగలో ఉప్పు దగ్గర గొడవ చల్లారింది. విశేషాధికారి అప్పుడు లాల్చీ సర్దుకుని, గోడ చుట్టి వెళ్ళి, ఆ ఇంటి నీలం తలుపు తట్టారు.

"తమ గృహమునందు ప్రతి సాయంత్రము సంభవించు సదరు కలహము ఇందుమూలముగా పరిరక్షిత వింతగా గుర్తించబడినది" అన్నారు గడప మీద నిలబడి.

"కలహవేంటండీ? అన్నం తింటున్నాం" అంది సత్యవేణి.

"వింతకు తాను వింతనని తెలియదమ్మా. జలపాతమును అడిగి చూడండి."

పున్నారావుకు ఏదో ఒకటి అడ్డు చెప్పాలనిపించింది. కానీ ఎదురుగా ఉన్నది అధికారి. చేతిలో ఫైలు. ఇన్నేళ్ళ అలవాటు అతనికంటే ముందుగా నోరు తెరిచింది. "అలాగేనండి, సంతోషమండి" అన్నాడు.

ఆయన వెళ్ళిపోయాక సత్యవేణి నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. "సంతోషవేంటండీ? ఎవరికండీ సంతోషం?"

"నోరు జారిందే."

"నా దగ్గర ఒక్కనాడైనా అలా జారిందా?"

పున్నారావు చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. ఎక్స్‌ప్రెస్ బస్సు మాత్రం నందిరేవులో ఆగింది. ఊరు పండగ చేసుకుంది. పెద్దలు వచ్చి పున్నారావు మెడలో దండ వేసి, "నీ పుణ్యమాని మన ఊరు నిలబడింది. మానకుండా పోట్లాడుకోండి" అని దీవించి వెళ్ళారు.

తర్వాతి వారమే బోర్డు వెలిసింది. 'పరిరక్షిత వింత. కలహ వేళలు: సాయంత్రం ఆరున్నర. సోమవారం సెలవు. దయచేసి దంపతులకు సర్దిచెప్పవద్దు.' సోమవారం వింతకు విశ్రాంతి కనుక ఆ రోజు పప్పుచారు వండరాదు, వండినా ఒకరినొకరు ఏమీ అనరాదు. ముందస్తు అనుమతి లేకుండా రాజీ పడరాదు. కిటికీలోంచి వినబడుతోందే గానీ కనబడటం లేదని సందర్శకులు గొణిగితే, సంస్థ వారు వంటగది గోడ తీసివేసి అద్దం బిగించారు. అద్దానికి ఇవతల బల్లలు వేశారు. బల్లల ముందు మైకు పట్టుకుని ఒక గైడు నిలబడ్డాడు.

"మీకు కుడివైపు కనిపిస్తున్నది పల్నాడు. ఎడమవైపు కనిపిస్తున్నది కోనసీమ. మధ్యలో ఉన్నది గిన్నె" అని అతడు చెప్పేవాడు.

పున్నారావు కౌంటరు దగ్గర కూడా కొత్త ప్రశ్న మొదలైంది.

"పప్పుచారు గొడవకి ఎటు పోవాలండీ?"

"గోడ వెంట కుడివైపు తిరిగి, బజ్జీల బండి దాటాక నీలం తలుపండీ."

"ఇప్పుడు వెళ్తే చూడొచ్చా?"

"ఇప్పుడే మొదలవదండీ. నేనింకా డ్యూటీలో ఉన్నాను."

"మీరు లేకపోతే ఏమయింది?" అని కొందరు అడిగేవారు. వాళ్ళకూ "సంతోషమండి" అనేవాడు.

కలహం నాణ్యతను కాపాడటానికి సంస్థ ఒక నియమం పెట్టింది. మొదటి రోజు విశేషాధికారి విన్న మాటలే మూలపాఠం. అందులో కొత్త మాట చేర్చాలంటే అనుమతి కావాలి. ఒక మధ్యాహ్నం కౌంటరులో కూర్చుని ఉండగా పున్నారావుకు మంచి దెప్పు ఒకటి తట్టింది. 'మీ ఊళ్ళో కొబ్బరిచెట్టు వేళ్ళకి కూడా బెల్లమే పోస్తారు గామోలు.' ఎంత బాగుందో! సాయంత్రం అది వినగానే సత్యవేణి కళ్ళు ఎలా పెద్దవవుతాయో, కొంగు ఎలా బిగిస్తుందో, తిరిగి ఏమంటుందో ఊహించుకుంటూ రోజంతా మురిసిపోయాడు. నియమం గుర్తొచ్చి, ఆ మాటను పైకి పంపాడు. మాట వెళ్ళింది, ఆఫీసులో బల్లలు మారింది, సవరణలు పొంది తిరిగి వచ్చింది. ఆ సాయంత్రం అద్దం వెనక కూర్చుని, పప్పుచారు ముద్ద మింగి, అనుమతించిన ప్రకారమే పలికాడు.

"కోనసీమ ప్రాంతపు నారికేళ వృక్షముల మూలములకు సైతము గుడమే పోయుదురు కాబోలు."

సత్యవేణి ఒక్క క్షణం అతని ముఖంలోకి చూసింది. ఆమె పెదవి వణికింది. బుగ్గ ఉబ్బింది. నవ్వు గొంతు దాకా వచ్చేసింది.

"నవ్వు నిషిద్ధం!" అని గైడు మైకులో అరిచాడు.

ఆమె నవ్వును మజ్జిగతో పాటు మింగేసింది. ఆ రాత్రికి అది ఎక్కిళ్ళయింది.

అప్పటినుంచే ఇంట్లో ఏదో మారిందని పున్నారావు గమనించాడు. గొడవ ఆరున్నరకు మొదలై, గంట కొట్టగానే ఆగిపోయేది. ఆ తర్వాత గొంతులు రెండూ అరిగిపోయి ఉండేవి. ఎవరైనా దారిన పోయేవాడు వింటున్నాడేమోనని, ఏ మాట ఏ నియమానికి తగులుతుందోనని, ఇద్దరూ ఆచితూచి మాట్లాడుకునేవారు.

"కాఫీ ఇవ్వమంటారా?"

"ఇవ్వండి. సంతోషం."

"పంచదార సరిపోయిందా?"

"సరిపోయిందండి."

ఒకప్పుడు అదే కాఫీ మీద పక్కవీధి దాకా వినబడే గొడవ నడిచేది. ఇప్పుడు సత్యవేణి గ్రంథాలయంలో సైగ చేసినట్టు సైగ చేస్తోంది. అతడు కౌంటరులో అన్నట్టు 'అండి' అంటున్నాడు. ఇంట్లో రెండు ఆఫీసులు కాపురం చేస్తున్నట్టుంది. ఒకనాడు ఆమె తలుపు దగ్గర అతనికి ఎదురై, దారి ఇచ్చి, "క్షమించండి" అంది. ఆ ఒక్క మాటకు పున్నారావు బెదిరిపోయాడు. ఆమెకు జ్వరం వచ్చినా ఇంత భయపడి ఉండడు.

బయట జాన్‌బీ కూడా ఊరుకోలేదు. "ఏందన్నా, నిన్నటి గొడవ మరీ చప్పగా ఉంది? జనం వచ్చి నా బజ్జీల్లో కారం ఎక్కువేయమంటన్నారు. వదినకి ఒంట్లో బాలేదా?"

"బానే ఉందమ్మా."

"అయితే నీకు బాలేదు. ఏదో ఒకటి చెయ్యి అన్నా. నువ్వు వదినని మీరూ గారూ అంటంటే నాకే ఏడుపొస్తంది."

పున్నారావు మరునాడు సెలవు పెట్టి విశేషాధికారి దగ్గరకు వెళ్ళాడు.

"అయ్యా, మా గొడవ మాకిచ్చేయండి" అన్నాడు.

గజేంద్రనాథ్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "వింత తన వింతతనమునకు రాజీనామా సమర్పించు నిబంధన లేదు."

"పోనీ, మేము రాజీ పడిపోతేనండీ?"

"అది సంస్థ ఆస్తిని ధ్వంసం చేయుట. అయినా ఈ సమయమున తమరు ఇట్టి మాటలాడరాదు. తమ కలహమును ప్రథమ శ్రేణి వింతగా పెంచుటకు ప్రతిపాదన పంపియున్నాను. రుచి నిర్ధారణ నిపుణులు వచ్చుచున్నారు. కలహమునకు మూలమగు పప్పుచారును పరీక్షించి, అందలి తీపి ఎంతయో ధ్రువీకరించెదరు."

పున్నారావు బల్ల మీదికి వంగాడు. "పప్పుచారును... పరీక్షించడం ఎందుకండీ? మా మాటలు వింటే చాలదా?"

"మూలము లేనిదే మాట ఎక్కడిది?" అన్నారాయన.

ఇంటికి వచ్చి ఆ సంగతి చెబితే సత్యవేణి గిన్నె మీద మూత పెట్టేసింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. ఒకరు గిన్నె వైపు, ఒకరు గోడ వైపు చూస్తూ కూర్చున్నారు. ఇన్నేళ్ళుగా ఇద్దరికీ తెలిసి, ఇద్దరూ ఎన్నడూ పైకి అనని సంగతి ఒకటి ఆ గిన్నెలో ఉంది.

నిపుణుడు వచ్చిన సాయంత్రం బల్లలు నిండిపోయాయి. ఆయన సన్నగా, శుభ్రంగా, ఏనాడూ కడుపునిండా తినని మనిషిలా ఉన్నాడు. నీళ్ళు పుక్కిలించి, వెండి చెంచాతో పప్పుచారు తీసుకుని, కళ్ళు మూసుకుని నాలుక మీద తిప్పాడు. మళ్ళీ తీసుకున్నాడు. కళ్ళు తెరిచాడు.

"కంది పప్పు. చింతపండు. ములక్కాడ. ఇంగువ. బెల్లము లేదు."

"కరిగిపోయి ఉండును" అన్నారు గజేంద్రనాథ్ గారు.

"కరిగినది నాకు తెలియును. ఇది వేయబడనే లేదు."

గైడు మైకు దించేశాడు. విశేషాధికారి ముఖం ఎర్రబడింది. "ఏమమ్మా, బెల్లము ఎప్పటినుంచి వేయుట లేదు?"

సత్యవేణి తల వంచుకుంది. "కాపురానికొచ్చిన కొత్తల్లో వేశానండీ. ఈయన ఒక్క ముద్ద తిన్నారు. ఏవీ అనలేదు. పాపం, మిగతాది మజ్జిగతో కానిచ్చి, సగం ఆకలితో లేచిపోయారు. ఆ తర్వాత ఇంకెలా వేస్తానండీ?"

 జాన్‌బీ మూకుడులో బజ్జీ మాడిపోయింది.

"మరి తమరు తీపి, తీపి అని ఇన్నేళ్ళుగా వాదించుచున్నారే! తమకు తెలియదా?"

"నాలుకున్నోణ్ణి గదండీ, ఎందుకు తెలియదు?" అన్నాడు పున్నారావు. ఆ సంగతి బయటపడినందుకు సిగ్గుతో అతని చెవులు కాలుతున్నాయి. "మర్నాడే తెలిసింది. నాకోసం మానేసిందని అర్థమైంది. బాగుందే అని చెబుదామని నోరు తెరిచానండీ. ఏందో, నోటికి 'బెల్లంపాకంలా ఏడ్చింది' అని వచ్చింది. ఆమె కయ్యిన లేచింది. అప్పటిదాకా మా ఇద్దరి మధ్యా ఊఁ అంటే ఊఁ, ఆఁ అంటే ఆఁ. అంతే మాటలు. ఆ పూట మటుకు అన్నం చల్లారిపోయేదాకా మాట్లాడుకున్నాం."

సత్యవేణి తలెత్తి అతని వైపు చూసింది. ఇంతమంది ముందు ఆమె అతన్ని అలా చూడటం అదే మొదలు. వెనక బల్ల మీద ఒక పెద్దావిడ ముక్కు చీదింది.

గజేంద్రనాథ్ గారు మాత్రం కరగలేదు. "అనగా కలహము పేరిట దీర్ఘకాలముగా సఖ్యతను ప్రదర్శించినారు. ప్రజలు కలహము చూడ వచ్చి, తమకు తెలియకుండగనే దాంపత్యమును చూచి పోయినారు. ఇది ఘోరమైన మోసము."

పెద్దలు పరుగున వచ్చి కాళ్ళావేళ్ళా పడ్డారు. బస్సు పోతుందని ఏడ్చారు. సంస్థ ఆలోచించింది. కలహంలో లోపం లేదు, కలహించేవారిలోనే లోపం ఉంది. కాబట్టి కలహాన్ని ఉంచి దంపతులను తొలగించారు. వాళ్ళ స్థానంలో జిల్లా కార్యాలయం నుంచి ఇద్దరు గుమాస్తాలను డిప్యుటేషన్ మీద పంపారు. ఒకే గదిలో ఎదురెదురుగా పనిచేస్తూ ఏళ్ళ తరబడి ఒకరినొకరు పలకరించుకోని ఒక స్త్రీ, ఒక పురుషుడు. అంతకు మించిన అర్హత ఎవరికుంటుంది? పప్పుచారు గిన్నెలో సంస్థ ఖర్చుతోనే కొలత ప్రకారం బెల్లం వేయించారు. ముందు గదీ వంటగదీ వింతకు, వెనక గది అసలు దంపతులకు కేటాయించారు. పప్పుచారు విషయమై వాదించే హక్కు ఇకపై సంస్థదే గనుక, పున్నారావు సత్యవేణులు ఆ విషయమై ఎక్కడా, ఎప్పుడూ పోట్లాడరాదని ఉత్తర్వు వెలువడింది.

ఆ సాయంత్రం వెనక గదిలో, చిన్న పొయ్యి పక్కన, చాప మీద పున్నారావు కూర్చున్నాడు. గోడ అవతల మైకు మోగుతోంది.

"ఇది పప్పుచారా, పానకమా?" అని పురుష గుమాస్తా చదివాడు.

"పానకంలో ములక్కాడ వేస్తారేంటండీ?" అని స్త్రీ గుమాస్తా చదివింది. ఆ చదవడంలో ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి ఉన్న నిజమైన పగ చక్కగా వినిపించింది. బల్లల మీద చప్పట్లు మోగాయి.

  తన మాటలు తన ఇంట్లోనే పరాయి గొంతులో వింటూ పున్నారావు తలవంచుకుని కూర్చున్నాడు. ఇక ఈ ఇంట్లో మిగిలింది కాఫీలూ 'క్షమించండి'లూ మాత్రమే అనుకున్నాడు. సత్యవేణి అన్నం పెట్టింది. పప్పుచారు పోసింది. అతడు కలుపుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

ఆగిపోయాడు.

తియ్యగా ఉంది. మొహమాటపు తీపి కాదు, ముద్దకో బెల్లం ముద్ద వేసిన తీపి. కాపురం కొత్తలో ఒక్కసారి తిన్న తీపి. గొంతు దిగనని మొరాయిస్తోంది. అతడు తలెత్తాడు. సత్యవేణి ఎదురుగా కూర్చుని ఉంది. కొంగు నడుముకు బిగించి ఉంది. గరిటె చేతిలో ఉంది. కళ్ళల్లో చాలా రోజుల తర్వాత వెలుగు ఉంది. ఎదురు చూస్తోంది.

ఉత్తర్వు గుర్తొచ్చింది. గోడ అవతలి మైకు గుర్తొచ్చింది. ఇన్నేళ్ళూ కౌంటరు నేర్పిన 'అలాగేనండి' నాలుక చివరిదాకా వచ్చింది. పున్నారావు దాన్ని ముద్దతో పాటు మింగేశాడు. చాప మీద ముందుకు జరిగి, ఆమె గ్రంథాలయంలో కూడా చెల్లేంత చిన్న గొంతుతో అన్నాడు.

"ఏమే. చెరుకుతోట మొత్తం నరికి ఇందులో ఏసినట్టున్నావు."

"ఇంకా సగమేనండీ" అంది ఆమె, అంతే గుసగుసగా. "మిగతా సగం రేపటికి దాచా."

"రేపటిదాకా నేను బతకద్దూ?"

"పాలల్లో కారం తాగి బతికిన ప్రాణవండీ, దీనికి పోతుందా?"

"ఈ సొరకాయ ముక్కలు చూడు, జిలేబీల్లా మెరుస్తన్నయ్."

"ఆనపకాయండీ."

"సొరకాయే."

"ఆనపకాయ!"

గుసగుసలు పెరిగాయి, పెదవులు అదిరాయి, వేళ్ళు గాలిలో లేచాయి. వెనక కిటికీ కింద ఏదో చప్పుడయింది. మూకుడు వదిలేసి వచ్చిన జాన్‌బీ గోడకు చెవి ఆనించి నిలబడి ఉంది.

"కాస్త గట్టిగా అను వదినా, సగం వినబట్టంలా" అంది.

సత్యవేణి లేచి కిటికీ రెక్క వేసి గడియ పెట్టింది. వెనక్కి తిరిగి చూసేసరికి పున్నారావు అన్నంలో గుంట చేసి, కంచం ముందుకు జరిపి ఉంచాడు.

"ఇంకాస్త పొయ్యవే" అన్నాడు. "ఇది తిట్టడానికి చాలదు."